గుండె తలుపుకు మరమ్మతు ఎప్పుడు?

వాల్వ్ జబ్బు రోగికి వ్యవధి ఇస్తుంది. అండమాన్ దీవుల్లో ఆ వ్యవధిని సరిగ్గా వాడుకోవడమే సగం వైద్యం

గుండె జబ్బులన్నీ ఒకే తీరున రావు. గుండెపోటు చెప్పాపెట్టకుండా వస్తుంది. నిర్ణయానికి గంటల గడువే ఉంటుంది. వాల్వ్ జబ్బు అలా కాదు. ఇంట్లో అద్దెకు దిగిన మనిషిలా నెమ్మదిగా మసలుతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం, చివరికి వెల్లకిలా పడుకుంటే ఆయాసం. ఈ దశల మధ్య నెలలు, చాలాసార్లు ఏళ్లు గడుస్తాయి. ఆలోచించుకోవడానికి, డబ్బు సర్దుకోవడానికి, మరో డాక్టర్‌ను అడగడానికి ఇంత సమయం ఇచ్చే ప్రాణాంతక వ్యాధులు తక్కువే. చిత్రమేమిటంటే, ఎక్కువమంది ఆ సమయాన్ని వాయిదా వేయడానికే వాడుకుంటారు.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్నవారు అలా వాయిదా వేసి, ఓ అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చున్నా, అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి చేరే అవకాశమైనా ఉంటుంది. అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నవారికి ఆ ధీమా లేదు. అక్కడ పెద్దాసుపత్రికీ రోగికీ మధ్య సముద్రం ఉంది. అందుకే 'ఆపరేషన్ ఎప్పుడు?' అన్న ప్రశ్నకు ద్వీపవాసి సమాధానం హైదరాబాదీ సమాధానంలా ఉండటానికి వీల్లేదు.

దూరం అనే రెండో జబ్బు

పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. పేరు మారినా దూరం మారలేదు. చెన్నయ్‌కైనా విశాఖకైనా దాదాపు 1,200 కిలోమీటర్లు. కోల్‌కతాకు ఇంకాస్త ఎక్కువ. విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఓడలో అయితే రెండున్నర నుంచి మూడు రోజులు. మూడు రేవుల్లో విశాఖ ఓడే అన్నిటికంటే అరుదు.

దీవులకంతటికీ పెద్ద దిక్కు పోర్ట్‌బ్లెయిర్‌లోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి. 2015లో వైద్య కళాశాల మొదలయ్యాక దానికి బోధనాసుపత్రి హోదా కూడా వచ్చింది. మాయాబందర్‌లో డాక్టర్ ఆర్.పి. ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రి జిల్లా స్థాయిలో పనిచేస్తాయి. కానీ వాల్వ్ మార్చే ఓపెన్ హార్ట్ సర్జరీ అవసరమైతే రోగిని మెయిన్‌ల్యాండ్‌కు రిఫర్ చేయడమే ఆనవాయితీ. దీవుల జనం దేశపు మిగతా భాగాన్ని పిలిచే పేరది.

అసలు పోర్ట్‌బ్లెయిర్ చేరడమే కొందరికి ఒక యాత్ర. డిగ్లిపూర్ నుంచి 300 కిలోమీటర్లకు పైగా రోడ్డు. మధ్యలో జారవాల రక్షిత ప్రాంతంలో కాన్వాయ్ వేళలకు కట్టుబడాలి, జలసంధి దాటడానికి ఫెర్రీ కోసం ఆగాలి. లిటిల్ అండమాన్‌లోని హట్‌బే నుంచి ఓడలో దాదాపు ఒక పగలు గడిచిపోతుంది. క్యాంప్‌బెల్ బే సంగతి చెప్పనక్కర్లేదు. అత్యవసరమైతే హెలికాప్టర్ ఉంటుంది గానీ, తుపాను గాలుల్లో అదీ ఎగరదు.

ఈ లెక్క తెలుగువారికి దగ్గరిది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్న 3.8 లక్షల మందిలో 50 వేల మంది, అంటే సుమారు 13 శాతం, తమ మాతృభాష తెలుగని చెప్పారు. చాలామంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరంలోనే ఉన్నాయి. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో వేటకు వెళ్లే పడవల దగ్గర వినిపించేది ఉత్తరాంధ్ర యాసే. ఒంట్లో బాగోలేదంటే 'ఊరెళ్లి చూపించుకుందాం' అన్న మాట వారి నోట ముందు వస్తుంది. ఆ ఊరు సముద్రం అవతల ఉంది.

గొంతునొప్పితో మొదలు

గుండెలో నాలుగు వాల్వ్‌లు ఉంటాయి. తెలుగులో వీటిని కవాటాలు అంటారు. కవాటమంటే తలుపే. రక్తాన్ని ఒకవైపు పోనిచ్చి వెనక్కి రానివ్వకపోవడం వీటి పని. తలుపు బిగుసుకుపోయి సరిగా తెరుచుకోకపోతే స్టినోసిస్. సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారితే రీగర్జిటేషన్, వాడుకలో 'లీకు'. కొందరిలో రెండూ ఉంటాయి.

ముసలితనంలో వాల్వ్‌పై కాల్షియం పేరుకోవడం, పుట్టుకతోనే మూడు రేకులకు బదులు రెండే ఉండటం వంటి కారణాలు ప్రపంచమంతటా ఉన్నవే. మన దేశంలో పడుచు వయసులోనే వాల్వ్‌లు పాడవడానికి మాత్రం ముఖ్య కారణం రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల మధ్య పిల్లలకు స్ట్రెప్టోకోకస్ క్రిమి వల్ల గొంతునొప్పి వస్తుంది. రెండు మూడు వారాల తర్వాత జ్వరం, ఒక కీలు తగ్గి మరో కీలు వాచే నొప్పులు. కొన్నాళ్లకు అవి పోతాయి. గుండె వాల్వ్ మీద పడిన గాటు మాత్రం మిగులుతుంది. ఇరుకిళ్లలో ఎక్కువమంది కలిసి ఉండేచోట ఈ క్రిమి సులువుగా పాకుతుంది. పదేళ్ల వయసులో తగిలిన దెబ్బ ముప్పయ్యో ఏట, తరచుగా ఆడవారిలో మొదటి కాన్పు సమయంలో, ఆయాసంగా బయటపడుతుంది.

దీన్ని ఆపే మందు ఖరీదైనదేమీ కాదు. మూడు నాలుగు వారాలకోసారి బెంజాథిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్. వాల్వ్ దెబ్బతిన్నవారికి కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉగాండాలో ఇంకా లక్షణాలు లేని పిల్లలపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. రెండేళ్లలో జబ్బు ముదిరినవారు ఇంజెక్షన్ తీసుకున్న పిల్లల్లో 0.8 శాతమైతే, తీసుకోనివారిలో 8.2 శాతం. అయితే వాల్వ్ జబ్బు బాగా ముదిరి గుండె బలహీనపడినవారికి ఇంజెక్షన్ కంటే మాత్రలే క్షేమం కావచ్చని అదే ఏడాది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి. చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. రుమాటిక్ జబ్బుకు ఆపరేషన్ అయ్యాక కూడా ఈ రక్షణ కొనసాగాలి. వాల్వ్ ఒకటి మార్చినా, మిగతా మూడూ పాతవే.

ఆయాసం లేదనుకునేవారు

డాక్టర్లు ఆపరేషన్ సమయాన్ని రెండు కొలతలతో తేలుస్తారు: రోగి చెప్పే లక్షణాలు, ఎకో చెప్పే అంకెలు. బృహద్ధమనికి కాపలా ఉండే అయోర్టిక్ వాల్వ్ మామూలుగా 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. అది 1కి తగ్గితే తీవ్రమైన బిగుసుడు. ఆ స్థితిలో ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆయాసం వీటిలో ఏ ఒక్కటి మొదలైనా ఇక ఆగకూడదు. లక్షణాలు కనిపించాక వాల్వ్ మార్చకపోతే సగటు ఆయుష్షు రెండు నుంచి ఐదేళ్లకు మించదని అమెరికన్ వైద్యులు జాన్ రాస్, యూజీన్ బ్రాన్‌వాల్డ్ 1968లోనే రాశారు. మందులు ఎంత మెరుగైనా ఆ బిగుసుడును వదిలించే మాత్ర నేటికీ రాలేదు.

ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌కు లెక్క వేరు. 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండాల్సింది 1.5కి తగ్గితే తీవ్రం. లీకు విషయంలో చూడాల్సింది గుండె కండరాన్ని. మైట్రల్ లీకు తీవ్రంగా ఉండి, గుండె ప్రతి కొట్టుకు బయటికి పంపే రక్తం వాటా, అంటే ఎజెక్షన్ ఫ్రాక్షన్, 60 శాతానికి పడిపోయినా, ముడుచుకున్నప్పటి ఎడమ గది వెడల్పు 40 మిల్లీమీటర్లకు చేరినా, రోగికి ఏ బాధా లేకున్నా ఆపరేషన్ ఆలోచించాలి. మామూలు మనిషికి 60 శాతం మంచి అంకే. లీకు ఉన్న గుండెకు అది హెచ్చరిక.

అంకెల కంటే కష్టమైనది లక్షణాల సంగతి. మనిషి శరీరం రాజీ పడటంలో దిట్ట. జంగ్లీఘాట్‌లో పడవ ఉన్న నలభయ్యేళ్ల మనిషి ఒకరిని ఊహించుకుందాం. నిరుడు వల తానే లాగేవాడు. ఇప్పుడు ఆ పని తమ్ముడికి వదిలి తాను చుక్కాని దగ్గర కూర్చుంటున్నాడు. డాక్టర్ అడిగితే 'ఆయాసమేం లేదు సార్' అంటాడు. అబద్ధం కాదది. ఆయాసం తెప్పించే పని మానేశాడంతే. ఇంటి ఇల్లాలు బిందె ఎత్తడం మాని సగం బకెట్లతో సరిపెట్టుకుంటుంది, వయసు పైబడిందనుకుంటుంది. అందుకే 'ఆయాసం ఉందా?' అన్నదానికంటే 'పోయిన ఏడాది చేసి ఈ ఏడాది మానేసిన పనేది?' అన్న ప్రశ్నకు నిజం బయటపడుతుంది. దానికి జవాబు రోగి కంటే ఇంట్లోవాళ్లకే బాగా తెలుస్తుంది.

కనిపెట్టుకుని ఉండటమంటే

లక్షణాలు లేనప్పుడు వేచి చూడమని డాక్టర్లు చెప్పడం కొత్త కాదు. కానీ దానికి షరతులున్నాయి. తీవ్రమైన జబ్బయితే 6 నుంచి 12 నెలలకోసారి, ఓ మోస్తరుదైతే ఏడాది రెండేళ్లకోసారి ఎకో తీయించాలి. కొత్త లక్షణం కనిపించిన వెంటనే చెప్పాలి. చెప్పిన కొద్ది వారాల్లో ఆపరేషన్ జరగాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా అది వేచి చూడటం కాదు, గాలికి వదిలేయడం.

పైగా ఈ నిరీక్షణ అనుకున్నంత దీర్ఘంగా సాగదు. లక్షణాలు లేని తీవ్ర అయోర్టిక్ స్టినోసిస్ రోగులు 901 మందిపై అమెరికా, కెనడాల్లో జరిపిన అధ్యయనం 2024లో వెలువడింది. సగం మందికి వెంటనే కాలి రక్తనాళం గుండా వాల్వ్ అమర్చారు. మిగతా సగాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ రెండో గుంపులో 87 శాతం మందికి వాల్వ్ మార్చాల్సి వచ్చింది. వారంతా 65 ఏళ్లు దాటినవారు, అన్ని సదుపాయాలూ అందుబాటులో ఉన్నవారు. ఆ ఫలితాన్ని పడుచు వయసు రుమాటిక్ రోగికి యథాతథంగా వర్తింపజేయలేం. అయినా అందులో పాఠం ఉంది: తీవ్ర దశకు చేరినవారిలో చాలామందికి అసలు ప్రశ్న 'చేయించుకోవాలా వద్దా' కాదు, 'ఎప్పుడు' అన్నదే.

అలాగని ఎకోలో తేడా కనిపించగానే కత్తికి పరుగెత్తమని కాదు. కృత్రిమ వాల్వ్ కొత్త గుండె కాదు. పాత జబ్బును ఇచ్చి, దానికంటే తేలిగ్గా అదుపులో ఉండే కొత్త జబ్బును తెచ్చుకోవడం. అవసరం లేకుండా ఆ బేరం తొందరపడి కుదుర్చుకోకూడదు. ద్వీపవాసి ముందుకు జరపాల్సింది ఆపరేషన్‌ను కాదు, ఏర్పాట్లను. జబ్బు 'ఓ మోస్తరు' నుంచి 'తీవ్రం' వైపు కదులుతోందని తెలిసిన రోజునే ఏ ఆసుపత్రి, ఏ సర్జన్, వెంట ఎవరు, పిల్లలు ఎవరి దగ్గర అన్నవి తేలిపోవాలి. పళ్ల పరీక్ష ముగించుకోవాలి. నోటిలోని చీము కొత్త వాల్వ్‌కు శత్రువు. నైరుతి రుతుపవనాల్లో సముద్రం పోటెత్తే నెలలను, ఈశాన్య కాలపు తుపానులను క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టుకోవాలి. 'గంగమ్మ పండగ కానీ', 'చిన్నదాని పెళ్లి అయిపోనీ' అంటూ జరిపే వాయిదాలకు వాల్వ్ ముహూర్తాలు చూడదు.

ఏ వాల్వ్, ఎవరికి?

అన్నిటికంటే మేలైనది సొంత వాల్వ్‌నే బాగుచేయడం. బిగుసుకున్న మైట్రల్ వాల్వ్ రేకులు ఇంకా మెత్తగా ఉండి, పై గదిలో రక్తం గడ్డ లేకపోతే, తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి విడదీయొచ్చు. జపాన్ సర్జన్ కాంజీ ఇనోవె 1980లలో తెచ్చిన ఈ పద్ధతి ఛాతీ కోయకుండానే ఎందరో రుమాటిక్ రోగులకు ఏళ్ల తరబడి ఊరట ఇస్తోంది. ఆలస్యం చేస్తే రేకులు గట్టిపడి ఈ దారి మూసుకుపోతుంది. సకాలంలో వెళ్లడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

మార్చక తప్పనప్పుడు ఎంపిక రెండింటి మధ్య. లోహంతో చేసిన మెకానికల్ వాల్వ్ దశాబ్దాలు నిలుస్తుంది. కానీ దానిపై రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడాలి. జంతు కణజాలంతో చేసిన వాల్వ్‌కు ఆ బెడద తక్కువ. కానీ పది పదిహేనేళ్లలో అరుగుతుంది, చిన్న వయసువారిలో ఇంకా త్వరగా. హాలీవుడ్ నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 1997లో వాల్వ్ ఆపరేషన్ చేయించుకున్నారు. 2018లో ఒకటి, 2020లో మరొకటి మళ్లీ మార్పించుకోవాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలో ఉన్న మనిషికి మూడో ఆపరేషన్ ఒక కారు ప్రయాణమో విమాన ప్రయాణమో. హట్‌బే మనిషికి అదే మాట చెప్పలేం. ఛాతీ కోయకుండా వాల్వ్ అమర్చే పద్ధతితో గాయకుడు మిక్ జాగర్ 75 ఏళ్ల వయసులో 2019 ఏప్రిల్‌లో చికిత్స చేయించుకుని జూన్‌లో తిరిగి వేదికెక్కారు. అది ముఖ్యంగా వయసు మళ్లినవారి అయోర్టిక్ జబ్బుకు నప్పే దారి, ఖరీదూ ఎక్కువే.

మెకానికల్ వాల్వ్ విషయంలో మన దేశానికి చెప్పుకోదగ్గ కథ ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ బృందం ఏళ్ల తరబడి శ్రమించింది. మూడు నమూనాలు విఫలమయ్యాక నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చిన ఈ చిత్ర వాల్వ్ విదేశీ వాల్వ్‌ల కంటే చౌకగా లక్ష మందికి పైగా చేరింది. వలియత్తాన్ 2024లో కన్నుమూశారు.

అయితే మెకానికల్ వాల్వ్ పెట్టించుకునే ముందు ద్వీపవాసి తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'ఐఎన్‌ఆర్ పరీక్ష నాకు ఎంత దూరంలో ఉంది?' రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే పరీక్ష ఇది. మామూలు మనిషికి 1 దగ్గర ఉంటుంది. అయోర్టిక్ స్థానంలో నేటి లోహ వాల్వ్ ఉన్నవారికి సాధారణంగా 2.5 చుట్టూ, మైట్రల్ అయితే 3 చుట్టూ ఉండేలా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మోతాదును సర్దుతారు. తక్కువైతే వాల్వ్ మీద గడ్డ, పక్షవాతం. ఎక్కువైతే రక్తస్రావం. పరీక్షలు అక్కర్లేని కొత్త రకం మందులు వచ్చాయి కదా అనుకుంటే పొరపాటే. మెకానికల్ వాల్వ్ ఉన్నవారిలో డాబిగాట్రాన్‌ను ప్రయత్నించి, హాని కనిపించి ఆపేసిన అధ్యయనం 2013లో వచ్చింది. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పినవారిలో కూడా కొత్త మందు కంటే పాత మందే మెరుగని 2022లో తేలింది.

పిల్లలు కావాలనుకునే ఆడవారికి ఈ ఎంపిక మరీ సున్నితం. వార్ఫరిన్ రకం మందులు గర్భం తొలి నెలల్లో పిండానికి హాని చేయగలవు, మానేస్తే తల్లి వాల్వ్‌పై గడ్డ కట్టగలదు. కాబట్టి బెలూన్‌తో గానీ మరమ్మతుతో గానీ సరిపోతుందా, కణజాల వాల్వ్ మేలా అన్నది పెళ్లికో కాన్పుకో ముందే, ఆ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. అత్తవారింటికి చెప్పకుండా దాచే జబ్బు కాదిది. దాస్తే ప్రసవ సమయంలో తనే బయటపడుతుంది.

డబ్బు, మనిషి తోడు

ఆయుష్మాన్ భారత్ పథకం 2018 నుంచి అర్హులైన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఇస్తోంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటినవారిని ఆదాయంతో నిమిత్తం లేకుండా చేర్చారు. ఈ కార్డు ఏ రాష్ట్రంలోనైనా పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది కాబట్టి ద్వీపవాసికి ప్రాణాధారం. దీవుల పాలనాయంత్రాంగానికి 'అనీషి' అనే సొంత ఆరోగ్య బీమా పథకం కూడా ఉండేది. మరోవైపు, 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్ర కుటుంబాల కోసం పెట్టినది. శ్రీకాకుళంలో చుట్టాలున్నంత మాత్రాన అండమాన్ రేషన్ కార్డుకు అది వర్తించదు. విశాఖలో దిగాక ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు. పోర్ట్‌బ్లెయిర్‌లో రిఫరల్ కాగితం తీసుకునేటప్పుడే ఏ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో తేల్చుకోవాలి.

పథకాలు భరించని ఖర్చు మరొకటుంది: తోడొచ్చినవారి తిండి, బస, పోయిన కూలి. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, తర్వాత తొలి చెకప్ దాకా మెయిన్‌ల్యాండ్‌లో వారాల తరబడి ఉండాల్సి వస్తుంది. భాష వచ్చిన మనిషి వెంట ఉండటం కూడా ముఖ్యమే. చెన్నయ్‌లో డిశ్చార్జి రోజున నర్సు చెప్పే పది జాగ్రత్తల్లో నాలుగైనా అర్థం కాకపోతే, ఆ మూల్యం హట్‌బేలో చెల్లించాలి.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు ఐసీయూ, సజావుగా సాగితే వారం పది రోజుల్లో డిశ్చార్జి. చీల్చి తీగలతో బిగించిన ఛాతీ ఎముక అతకడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా నీళ్ల బకెట్ ఎత్తడం, పడవను ఒడ్డుకు లాగడం, స్కూటర్ నడపడం కుదరదు. దగ్గు వస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గాలి. గుండె లయ తప్పి దడదడలాడటం చాలామందిలో కనిపిస్తుంది. ఎక్కువగా సర్దుకుంటుంది, చెప్పకుండా మాత్రం ఉండకూడదు.

ఎవరూ ముందుగా చెప్పనిది మనసు సంగతి. మొదటి రెండు వారాలు అందరూ పలకరిస్తారు. మూడో వారానికి చుట్టాల రాక తగ్గుతుంది, నిద్ర పట్టదు, అన్నం సయించదు, చిన్న మాటకు కన్నీళ్లొస్తాయి. పేర్లు మరిచిపోతుంటారు. సంపాదించే మనిషి మంచమెక్కితే ఈ దిగులు రెట్టింపు. రాత్రి నిశ్శబ్దంలో లోహ వాల్వ్ చేసే టిక్కుటిక్కు కొందరిని భయపెడుతుంది. కొన్ని నెలల్లో గోడ గడియారంలా అలవాటైపోతుంది. ఈ కుంగుబాటు బలహీనత కాదు, కోలుకోవడంలో భాగం. వారాలు గడిచినా తగ్గకపోతే దానికీ మందుంది. ఇంట్లోవాళ్లు చేసే తప్పు దీనికి విరుద్ధమైనది: 'గుండె ఆపరేషనయింది, కదలకు' అని కూర్చోబెట్టేయడం. రోజుకు నాలుగుసార్లు ఐదేసి నిమిషాల నడకతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడమే గుండెకు కావలసిన కసరత్తు. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికీ సాధారణంగా అభ్యంతరం ఉండదు. సిగ్గుపడి అడగని ప్రశ్నల్లో ఇది మొదటిది.

తిండి విషయంలో దీవుల తెలుగువారికి ఒక మంచి వార్త, ఒక చెడ్డ వార్త. చేపతో పేచీ లేదు. ఉప్పు పట్టించిన ఎండుచేప, ఆవకాయలతోనే గుండెకు, ఒంటి నీరుకు ఇబ్బంది. గోంగూర, తోటకూర వంటి ఆకుకూరల్లోని విటమిన్ కె రక్తాన్ని పల్చబరిచే మందుకు అడ్డుపడుతుంది. అందుకని పూర్తిగా మానక్కర్లేదు. ఒక వారం కట్టలకొద్దీ తిని మరో వారం ముట్టకపోవడమే ప్రమాదం. రోజూ ఇంచుమించు ఒకే మోతాదైతే డాక్టర్ మందును దానికి తగ్గట్టు సర్దగలరు. నడుంనొప్పికి దుకాణంలో కొనే నొప్పి బిళ్ల, పేరు తెలియని పసరు మందు ఐఎన్‌ఆర్‌ను తారుమారు చేయగలవు, రక్తస్రావం తెప్పించగలవు.

జ్వరం మరో పెద్ద జాగ్రత్త. వాల్వ్ మార్చుకున్నవారికి రెండు మూడు రోజులు జ్వరం ఉంటే కొత్త వాల్వ్‌కు క్రిమి సోకిందేమో చూడాలి. యాంటీబయాటిక్ మింగడానికి ముందే రక్తం కల్చర్‌కు ఇవ్వాలి. అండమాన్‌లో ఇంకో చిక్కుంది. 1990ల మొదట్లో 'అండమాన్ రక్తస్రావ జ్వరం'గా భయపెట్టినది లెప్టోస్పైరోసిస్ అని అప్పట్లో పోర్ట్‌బ్లెయిర్‌లోని వైద్య పరిశోధకులు గుర్తించారు. వానల్లో పొలాల్లో, బురదలో తిరిగేవారికి సోకే ఆ జబ్బు ఊపిరితిత్తుల్లో రక్తస్రావం తెప్పించగలదు. రక్తం పల్చబడే మందు మీదున్న మనిషికి అది రెట్టింపు ముప్పు. కాబట్టి ఏ జ్వరానికి వెళ్లినా డాక్టర్‌కు మొదటి మాటగా 'నాకు వాల్వ్ ఉంది, ఫలానా మందు వాడుతున్నాను' అని చెప్పాలి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా అదే మాట. పీకే ముందు యాంటీబయాటిక్ అవసరం.

వేటకు తిరిగి వెళ్లొచ్చా? కొందరు వెళ్లగలరు. కానీ గాలం గుచ్చుకుంటే, కత్తి తెగితే ఒడ్డుకు చేరేదాకా రక్తం ఆపడం కష్టమయ్యే మనిషి రోజుల తరబడి సముద్రంలో ఉండొచ్చా అన్నది ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే దాని జవాబు మీదే ఏ వాల్వ్ అన్నది ఆధారపడుతుంది. సర్జన్‌కు రోగి వయసు, ఎకో తెలుస్తాయి. అతని బతుకుతెరువు చెబితేనే తెలుస్తుంది.

కొంత ప్రభుత్వం చేతిలో

2002లోనే ఇస్రో ఉపగ్రహం ద్వారా పంత్ ఆసుపత్రిని చెన్నయ్‌లోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలతో కలిపి టెలిమెడిసిన్ నడిపారు. 2020 ఆగస్టులో చెన్నయ్ నుంచి సముద్రగర్భ కేబుల్ కూడా వచ్చింది. కాబట్టి ఆపరేషన్ చేసిన సర్జన్‌ను మళ్లీ మళ్లీ చూడటానికి ప్రతిసారీ ఓడెక్కాల్సిన పని లేదు. వేలి నుంచి ఒక్క చుక్క రక్తంతో ఐఎన్‌ఆర్ చెప్పే చిన్న యంత్రాలు మార్కెట్లో ఉన్నాయి. అవి దీవుల ఆరోగ్య కేంద్రాల్లో ఉండి, పెనిసిలిన్ ఇంజెక్షన్ తేదీలు రాసుకునే రిజిస్టర్ ఒకటి పక్కనుంటే, మెయిన్‌ల్యాండ్‌లో లక్షలు పోసి చేసిన ఆపరేషన్ ఫలితం దీవిలో వృథా కాదు. కొత్త భవనం కంటే ఇది చాలా చవక. ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్ చేసే వీలు లేదన్నదే దీని లోపం.

మిగతాది ఇంట్లో జరగాల్సిన పని. ఎకో కాగితం మీద 'తీవ్రం' అన్న మాట రాకముందే భోజనాల దగ్గర ఓ రాత్రి కూర్చుని మాట్లాడుకోవడం. ఎప్పుడు, ఎక్కడ, ఏ వాల్వ్, ఎవరు తోడు, తిరిగొచ్చాక ఏ పని. ఐదు ప్రశ్నలు, పెద్ద ఖర్చు లేనివి. వాటికి జవాబులున్న ఇంటివారు తీరిగ్గా టికెట్ కొనుక్కుని వెళ్తారు. లేని ఇంటివారు అర్ధరాత్రి హెలికాప్టర్ ఎగురుతుందో లేదో అని ఆకాశం వైపు చూస్తారు.